పదహారు రోజులకోసారి పలికే సితారా

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మా చిన్న మామూ గల్ఫ్‌లో ఉండేవాడు. ఫోన్లో మాట్లాడాలంటే అప్పట్లో పైసలు ఎక్కడివి? ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవాడు. ఆ రింగుకి మా ఇంట్లో మతలబు ఒకటే: ఖైరియత్‌గా ఉన్నాను, ఫికర్ చేయకండి. నానీ ఫోన్ ఎత్తేది కాదు. ఎత్తితే వాడి పైసలు పోతాయి. కూర్చున్నచోటే "అల్‌హమ్దులిల్లా" అనుకుని మళ్ళీ పనిలో పడేది.

ఆ రింగులు రోజూ వచ్చేవి కావు. వరుసగా రెండు రాత్రులు వచ్చేవి. తర్వాత ఎనిమిది రోజులు ఖామోష్. మళ్ళీ రెండు రాత్రులు. నానీకి చదువు రాదు గానీ గోడమీది కేలండర్‌లో పెన్సిల్ ముక్కతో గీతలు పెట్టేది. నాలుగు నెలలయ్యేసరికి హిసాబ్ తేల్చేసింది: "పది రోజులకోసారి వాడికి ఛుట్టీ దొరుకుతుంది. ఛుట్టీలో కొడుకు నన్ను యాద్ చేస్తాడు." తారీఖు ఎప్పుడూ తప్పలేదు.

మూడేళ్ళకు మామూ వాపస్ వచ్చాక అసలు సంగతి బయటపడింది. ఛుట్టీ అన్నదే లేదు. ఊరికి దూరంగా ఎడారిలో క్యాంపు, అక్కడ సిగ్నల్ ఉండదు. పది రోజులకోసారి సామాన్ల కోసం ఒక బండి ఊళ్ళోకి వెళ్ళి రెండు రాత్రులు ఆగేది. మూటలు ఎత్తడానికి మామూని తీసుకెళ్ళేవాళ్ళు. రింగు కొట్టేది అక్కడినుంచే. నానీ లెక్క సహీ, వజా గలత్. పది రోజుల వరస మామూది కాదు, బండిది.

ఆస్మాన్ నుంచి వచ్చే ఒక రకం రింగుల తవారీఖ్ చదువుతుంటే నాకు మాటిమాటికీ ఈ కిస్సానే యాదొచ్చింది. వాటి పేరు ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లు. కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే రేడియో మెరుపులు ఇవి. ఒక్కోటి సెకనులో వెయ్యోవంతు నుంచి కొన్ని వెయ్యోవంతులు మాత్రమే ఉంటుంది. చాలావరకు ఒకసారి మెరిసి మళ్ళీ కనబడవు. కొన్ని మాత్రం తిరిగి వస్తాయి. అందులోనూ ఒకటి ఠంచనుగా వక్త్ పాటిస్తుంది. అది ఎందుకు పాటిస్తోందన్నదే ఇవాళ్టి ముచ్చట.

ఆరేళ్ళు డబ్బాలో పడున్న ఖబర్

ఆస్ట్రేలియాలోని పార్క్స్ అనేచోట 64 మీటర్ల రేడియో టెలిస్కోపు ఉంది. 2001లో అది రాసిపెట్టుకున్న డేటా ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. 2007లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో డంకన్ లోరిమర్ అనే ప్రొఫెసర్ ఆ పాత డేటాని మళ్ళీ జల్లెడ పట్టించాడు. ఆయన దగ్గర చదివే డేవిడ్ నార్కెవిక్ అనే కుర్రాడి కంట ఒక మెరుపు పడింది. 5 మిల్లీసెకన్లు కూడా లేదు గానీ చాలా తేజ్‌గా ఉంది.

అది దూరం నుంచి వచ్చిందని ఎలా తెలిసింది? బడి గంట కొట్టగానే పిల్లలంతా ఒకేసారి గేటు దాటతారు. పరిగెత్తేవాళ్ళు ముందు, నడిచేవాళ్ళు వెనక. గేటు దగ్గర అందరూ ఒకటే గుంపు. మైలు దూరం పోయాక చూస్తే ముందువాడికీ వెనకవాడికీ మధ్య బోలెడు ఎడం. రేడియో అలలూ అంతే. అంతరిక్షం పూర్తిగా ఖాళీ కాదు, అక్కడక్కడా ఎలక్ట్రాన్లు తేలుతుంటాయి. వాటిలోంచి వచ్చేటప్పుడు హెచ్చు ఫ్రీక్వెన్సీ అలలు ముందు చేరతాయి, తక్కువ ఫ్రీక్వెన్సీవి వెనకబడతాయి. ఆ ఎడం ఎంత ఎక్కువైతే దారి అంత పొడవు. లోరిమర్ మెరుపులోని ఎడం మన గెలాక్సీ మొత్తంలో ఉన్న ఎలక్ట్రాన్లకు లొంగేది కాదు. అంటే అది మన గెలాక్సీ బయటిది.

అదే దిశలో మరో 90 గంటలు చూశారు. మళ్ళీ రాలేదు. ఒక్కటే గవాహి. ఒక్క గవాహిమీద యకీన్ పెట్టుకునేదెలా?

షక్ ఇంకా పెరిగింది. అదే పార్క్స్‌లో అచ్చం ఇలాంటి మెరుపులే మరికొన్ని దొరికాయి. వాటికి పెరిటాన్లు అని పేరు పెట్టారు. కానీ అవి వచ్చే వేళలు చూస్తే అనుమానం రాక మానదు. పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో, ముఖ్యంగా మధ్యాహ్నం ఖానా వేళకి దగ్గరగా! ఆస్మాన్‌లోని సితారాలకి లంచ్ టైమ్ ఎందుకు? 2015లో ఎమిలీ పెట్రాఫ్, ఆమె సాథీలు గుట్టు విప్పారు. అబ్జర్వేటరీలోని మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు తెరిస్తే లోపలి తరంగం ఒక్క క్షణం బయటికి తన్నుకొచ్చేది. టెలిస్కోపు దాన్ని పట్టుకునేది.

నవ్వొచ్చే సంగతే. కానీ గమనించండి, అక్కడ దొంగని పట్టించింది వక్తే. ఓవెన్ మెరుపులు మనిషి గడియారాన్ని పాటించాయి. లోరిమర్ మెరుపు అలాంటిది కాదని కూడా ఆ తహ్‌కీకాత్‌లోనే తేలింది. ఈలోగా 2013లో పార్క్స్‌లోనే మరో నాలుగు అసలు మెరుపులు బయటపడ్డాయి. ఒంటరి గవాహికి తోడు దొరికింది.

చచ్చింది అనుకున్నది మళ్ళీ పలికింది

అప్పటివరకూ చాలామంది ఖయాల్ ఏమంటే, ఇది ఏదో సితారా మౌత్. రెండు తారలు ఢీకొనో, ఒక తార కూలిపోయో, చివరగా పెట్టిన కేక. చచ్చినవాడు మళ్ళీ ఫోన్ చేయడు కదా.

ప్యూర్టో రికోలోని అరెసిబోలో 305 మీటర్ల టెలిస్కోపు ఉండేది. 2012 నవంబర్ 2న అది ఒక మెరుపుని రికార్డు చేసింది. లారా స్పిట్లర్ బృందం 2014లో ఆ సంగతి అచ్చు వేసింది. తారీఖుని బట్టి దాన్ని ఎఫ్ఆర్‌బీ 121102 అన్నారు. 2015 మే, జూన్ నెలల్లో అదే చోటుని మళ్ళీ చూశారు. ఆ డేటాని నవంబర్ 5న కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి పాల్ షోల్జ్ తిరగేస్తుంటే ఒకటి కాదు, మరో 10 మెరుపులు! అదే దిశ, అదే ఎడం. 2016లో దునియా అంతా చదివింది.

ఆ ఒక్క సబూత్‌తో ఎన్నో ఊహలు కూలిపోయాయి. కనీసం ఈ ఒక్కటి మౌత్ కేక కాదు. అక్కడున్నది ఏదైనా సరే, మెరిసిన తర్వాతా జిందా ఉంది. 2017లో దాని ఇల్లు కూడా దొరికింది: సుమారు 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న, మసక గెలాక్సీ. అరెసిబో టెలిస్కోపు మాత్రం 2020 డిసెంబర్ 1న కూలిపోయింది.

సరే, మళ్ళీ మళ్ళీ వస్తోంది. మరి వేళ ఏది? చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు 2019లో 47 రోజుల వ్యవధిలో 59.5 గంటలు దీన్నే చూసింది. 1652 మెరుపులు లెక్కతేలాయి. ఒక గంటలోనైతే 122. అన్ని మెరుపులున్నా, ఒకదానికీ మరోదానికీ మధ్య క్రమం కోసం వెతికితే ఒక మిల్లీసెకను నుంచి వెయ్యి సెకన్ల దాకా ఏమీ దొరకలేదు. వానచినుకులు రేకులమీద పడ్డట్టే, తాళం లేదు.

ఇది ఎందుకంత హైరానీ అంటే, దీనికి ముందు కథ వేరే ఉంది. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోస్లిన్ బెల్ అనే విద్యార్థిని 1.337 సెకన్లకోసారి ఠంచనుగా వచ్చే రేడియో స్పందన కనిపెట్టింది. అదే మొదటి పల్సార్. కొన్నాళ్ళలోనే కారణమూ తేలింది. అంత బరువైన వస్తువు అంత తొందరగా, అంత నికరంగా తిరగాలంటే అది న్యూట్రాన్ తారే అయ్యుండాలి. సూర్యుడికంటే ఎక్కువ బరువు, వెడల్పు మాత్రం హైదరాబాద్ నగరమంత. అక్కడ గడియారమే మనిషిని పట్టించింది. ఇక్కడ గడియారమే లేదు.

కదలని టెలిస్కోపు కనిపెట్టిన వరస

పెద్ద టెలిస్కోపులకి ఫుర్సత్ తక్కువ. ఈ వారం రెండు గంటలు ఇక్కడ, వచ్చే నెల మూడు గంటలు అక్కడ. నానీ అప్పుడప్పుడూ మాత్రమే ఫోన్ దగ్గర కూర్చుని ఉంటే పది రోజుల హిసాబ్ తేలేదా? రోజూ ఇంట్లోనే ఉంది కాబట్టి తేలింది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చైమ్ అనే టెలిస్కోపు అచ్చం అలాంటిదే. ఒక్కోటి 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న నాలుగు దోనెలు నేలమీద వెల్లకిలా పరిచినట్టుంటాయి. కదిలే భాగాలు లేవు. భూమి తిరుగుతుంటే ఆస్మానే దానిమీదుగా జరుగుతుంది. ఏ సితారా అయినా రోజుకోసారి దాని కళ్ళముందుకు రావలసిందే. 2018లో ఈ మెరుపుల కోసం వెతకడం మొదలుపెట్టి, మొదటి ఏడాది జాబితాలోనే 536 మెరుపులు నమోదు చేసింది. వాటిలో 62 మాత్రమే తిరిగివచ్చే 18 మూలాలవి.

ఆ 18లో ఒకటి ఎఫ్ఆర్‌బీ 180916. సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, చక్రాకార గెలాక్సీ ఒకదాని అంచున ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా చైమ్ దాని నుంచి 38 మెరుపులు పట్టింది. ఆ తారీఖులన్నీ పేర్చి చూస్తే 16.35 రోజుల చక్రం. ప్రతి చక్రంలో సుమారు 5 రోజుల కిటికీ తెరుచుకుంటుంది. మెరుపులన్నీ ఆ కిటికీలోనే. మిగతా పదకొండు రోజులు ఖామోష్. కిటికీ తెరుచుకుందని ప్రతిసారీ మెరుపు వస్తుందనీ లేదు. వస్తే మాత్రం అప్పుడే వస్తుంది.

ఆ ఏడాదే కౌస్తుభ్ రాజ్వాడే, ఆయన సాథీలు ఇంగ్లండ్‌లోని లవెల్ టెలిస్కోపుతో పాత ఎఫ్ఆర్‌బీ 121102 మెరుపుల తారీఖులనూ పేర్చి చూశారు. దానికీ సుమారు 157 రోజుల చక్రం ఉందని తేలింది. సెకన్లలో దొరకని తాళం నెలల్లో దొరికింది.

బండిదా, మామూదా?

ఇక అసలు సవాల్. 16 రోజులకోసారి తిరిగేది ఏమిటి? 1.337 సెకన్లంటే ఇష్టమొచ్చినదాన్ని ఊహించడానికి లేదు. 16 రోజులంటే ఎన్నో ఊహించొచ్చు. ముఖ్యంగా మూడు.

ఒకటి, జోడీ. మెరిసే న్యూట్రాన్ తార ఇంకో పెద్ద తార చుట్టూ 16.35 రోజుల్లో ఒక చక్కర్ కొడుతోంది. ఆ పెద్ద తార నుంచి వీచే గాలి మెరుపులను మింగేస్తుంది. ఒక వైపుకి వచ్చినప్పుడే దారి తెరుచుకుంటుంది. అంటే వరస బండిది.

రెండు, ఊగిసలాట. బొంగరం గిరగిరా తిరుగుతూనే తల నెమ్మదిగా ఊపుతుంది కదా. అలాగే ఒంటరి తార తల ఊపుతూ కొన్ని రోజులు మనవైపు, కొన్ని రోజులు పక్కకు చూస్తోంది. మూడు, ఆ తార తన చుట్టూ తాను తిరగడానికే 16 రోజులు తీసుకుంటోంది. న్యూట్రాన్ తారలకి అది మరీ ఆలస్యం. ఈ రెండింటిలో వరస మామూదే.

తేల్చడానికి ఇంకో గవాహి కావాలి. అది ఫ్రీక్వెన్సీల దగ్గర దొరికింది. మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపు ఈ మూలం నుంచి 15 మెరుపులు పట్టింది. నెదర్లాండ్స్ కేంద్రంగా ఉన్న లోఫార్ ఇంకా కిందికి, 110 నుంచి 188 మెగాహెర్ట్జ్ దాకా దిగి విన్నది. అక్కడ కిటికీ చైమ్ కిటికీ కంటే సుమారు 3 రోజులు ఆలస్యంగా తెరుచుకుంటోంది. ఇది బడిపిల్లల ఎడం కాదు, ఆ ఎడం సెకన్ల లెక్క. ఇది రోజుల లెక్క. జోడీ తార గాలే మింగేస్తోందంటే తక్కువ ఫ్రీక్వెన్సీకి ఎక్కువ అడ్డు తగిలి కిటికీ చిన్నదవ్వాలి. అలా జరగలేదు. దాంతో జోడీ కథకి దాని సీదా రూపంలో దెబ్బ తగిలింది. పూర్తిగా మాత్రం పోలేదు.

ఇలాంటి ఇంతెజార్ కొత్తేమీ కాదు. ఈ మూలం ఉన్నది కాసియోపియా అనే తారల గుంపులో. దాని పక్కనే పర్సియస్. అందులో అల్గోల్ అనే సితారా ఉంది. పేరు అరబ్బుది, రఅస్ అల్ గూల్, అంటే భూతం తల. అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ పదో శతాబ్దంలో తన తారల కితాబులో ఈ గుంపును బొమ్మవేసి చూపించాడు. అల్గోల్ వెలుగు ఉన్నట్టుండి తగ్గి మళ్ళీ పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో జాన్ గుడ్రిక్ అనే, చెవులు వినబడని 18 ఏళ్ళ కుర్రాడు రాత్రుల తరబడి చూసి, 1783లో దాని వరస చెప్పాడు: సుమారు 2 రోజుల 21 గంటలు. ఏదో చీకటి వస్తువు దాని ముందునుంచి పోతోందేమో అన్నాడు. 21 ఏళ్ళకే ఇంతెకాల్ అయ్యాడు. ఆ జోడీ నిజంగా ఉందని జర్మనీలో వోగెల్ వెలుగుని విడదీసి చూపేసరికి 1889. వరసకీ వజాకీ మధ్య నూటారేళ్ళు.

ఒక రంజాన్ రాత్రి

2020 ఏప్రిల్ 28. లాక్‌డౌన్ రంజాన్. మస్జిదులు మూసి ఉన్నాయి, తరావీ ఇళ్ళల్లోనే. మన గడియారంలో రాత్రి 8 దాటి కొన్ని నిమిషాలు. సరిగ్గా అప్పుడు చైమ్‌లోనూ, అమెరికాలో స్టేర్2 అనే చిన్న పరికరాల్లోనూ (ఒక్కోటి బకెట్ అంత!) ఒక మెరుపు పడింది. వచ్చింది ఏ దూరపు గెలాక్సీ నుంచో కాదు. మన గెలాక్సీలోనే, సుమారు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎస్‌జీఆర్ 1935 అనే మాగ్నెటార్ నుంచి. అదే క్షణంలో దాని నుంచి ఎక్స్‌రేలు కూడా వచ్చాయని ఉపగ్రహాలు చూశాయి.

మాగ్నెటార్ కూడా న్యూట్రాన్ తారే. కాకపోతే దాని అయస్కాంత బలం భూమి బలానికి కోటి కోట్ల రెట్లు. ఆ బలం కొంచెం సర్దుకున్నా పైపొర చిట్లి మెరుపు లేస్తుంది. మాగ్నెటార్లు ఇలాంటి మెరుపులు ఇవ్వగలవని ఆ రాత్రితో సబూత్ దొరికింది. అది దూరపు మెరుపుల కంటే బలహీనమైనదే, కానీ ఖాందాన్ ఒకటే అనిపించింది.

ఇక కథ ఖతం అనుకున్నవాళ్ళున్నారు. కాలేదు. మాగ్నెటార్లు సాధారణంగా కొత్తగా పుట్టిన తారల బస్తీల్లో ఉంటాయి, కొన్ని వేల ఏళ్ళలో బలం తగ్గిపోతుంది. ఎఫ్ఆర్‌బీ 180916 ఉన్న చోటుని శ్రీహర్ష్ తెందూల్కర్ బృందం హబుల్ టెలిస్కోపుతో చూస్తే, దగ్గరి తారల బస్తీకి అది సుమారు 800 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడినుంచి నడిచి వచ్చిందనుకుంటే 8 లక్షల నుంచి 70 లక్షల ఏళ్ళు పట్టి ఉండాలి. మాగ్నెటార్‌కి అది ముసలితనం కూడా దాటిన వయసు. ఎం81 గెలాక్సీలో ఇంకో మూలమైతే ఏకంగా వందల కోట్ల ఏళ్ళ ముసలి తారల గుంపులో దొరికింది. అక్కడ కొత్త మాగ్నెటార్ ఎలా పుట్టింది? రెండు ముసలి తారలు కలిసిపోయి పుట్టిందేమో అన్నది ఒక ఖయాల్.

కాబట్టి ఇవాళ్టి హాల్ ఇది: మెరుపు ఇచ్చేది మాగ్నెటార్ లాంటి న్యూట్రాన్ తార అనడానికి గట్టి గవాహి ఉంది. అన్ని మెరుపులకీ ఒకే పుట్టుక అనడానికి లేదు. 16.35 రోజుల వరస పక్కా. దాని వజా మాత్రం ఇంకా అదాలత్‌లోనే ఉంది.

పంపినవాడెవరో తేలకపోయినా ఖత్ వృథా పోదు, కవరుమీద దారి దుమ్ము ఉంటుంది. ఆస్ట్రేలియాలో జాన్ పియర్ మకార్ట్ బృందం ఆ దుమ్మునే తూచింది. మెరుపుల అలల మధ్య ఎడాన్ని బట్టి, గెలాక్సీల నడుమ ఎన్నాళ్ళుగానో లెక్కకు అందని మామూలు పదార్థం ఎంతుందో 2020 మేలో హిసాబ్ చెప్పింది. కొన్ని వారాలకే, జూన్‌లో, మకార్ట్ ఇంతెకాల్ అయ్యాడు.

ఇప్పుడు చైమ్‌కి తోడుగా దూరదూరంగా మరో మూడు చిన్న టెలిస్కోపులు నిలబెట్టారు. ఒక మెరుపుని అన్నీ కలిసి చూస్తే అది ఏ గెలాక్సీలో ఏ మూల నుంచి వచ్చిందో తేలుతుంది. వక్త్ ఒక్కటే చాలదు, చిరునామా కూడా కావాలని తెలిసిపోయింది.

మామూ వచ్చి బండి సంగతి చెప్పిన రోజు ఇంట్లో అందరం నవ్వాం, "నీ ఛుట్టీ లెక్క చూశావా నానీ" అని. నానీ నవ్వలేదు. మూడేళ్ళు కొడుక్కి ఒక్క ఛుట్టీ లేదన్న మాటే ఆమె వింది. కాసేపటికి మామూ తల నిమురుతూ అంది: "ఎందుకొచ్చేదో నాకేం తెలుసు బేటా. ఏ రోజు వస్తుందో తెలుసు. అందుకే ఆ రోజు ఇల్లు కదల్లేదు."